రామసుబ్బమ్మ కట్టిన వైరింగు

నేను పడిపోయినప్పుడు నా తల ఒక పికప్ బండి డాష్‌బోర్డు కింద ఉండింది. మార్చి నెల, పొద్దున పదకొండు గంటలు. డ్రైవరు సీటు మీద వెల్లకిలా పడుకొని, కాళ్లు తలుపు బయటికి వేసి, దొంగల అలారం సైరన్‌కు వైరు లాగుతున్నాను. కుడిచేతిలోని ప్లేరు జారి ముఖం మీద పడింది. తీసుకుందామంటే చెయ్యి లేవలేదు. పక్క షెడ్డు మెకానిక్ మస్తాన్‌వలిని పిలుద్దామని నోరు తెరిస్తే పేరు రాలేదు, ఏదో కూత వచ్చింది. ఎండలో వేలాడుతున్న నా రెండు కాళ్లలో ఒకటే తన్నుకోవడం చూసి మస్తాన్ పరిగెత్తుకొచ్చాడంట.

పక్షవాతం అన్నారు. కడప ఆసుపత్రిలో పన్నెండు దినాలు ఉన్నాను. ఇంటికి వచ్చేటప్పటికి కుడికాలు ఈడ్చుకుంటూ నడవగలిగాను కానీ కుడిచెయ్యి తడిగుడ్డ మాదిరి వేలాడేది. మాట అంతకంటే అన్యాయం. చెప్పాల్సింది తలలో స్పష్టంగా ఉంటుంది, నోట్లోంచి ఇంకోటి వస్తుంది. నీళ్లు అడగబోయి చెప్పులు అడిగేవాణ్ణి. నా మాట నాకే వినపడి తల దించుకునేవాణ్ణి.

నా పేరు ఓబులేసు. రాయచోటిలో కడప రోడ్డు మీద మాది ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు. పికప్ బండి కొన్నోళ్లు నేరుగా నా దగ్గరికే వచ్చేవాళ్లు. వెనక్కి పోయేటప్పుడు చూసుకునే కెమెరా, అరిచే బజరు, బండి యాడుందో ఫోన్లో చూపించే జీపీఎస్, అలారం, మంచు లైట్లు, పెద్ద హారన్లు. కంపెనీవాడు పెట్టనివన్నీ నేను పెట్టేవాణ్ణి. ఇరవై రెండేండ్లు అదే పని. నా కుడిచెయ్యి ఎంత చేస్తే మా ఇల్లు అంత నడిచేది.

మా బిడ్డ సుప్రజ కడపలో డిగ్రీ చదువుతోంది. నా కోసం సెలవు పెట్టి వచ్చింది. ఒక సాయంత్రం వంటింట్లో వాళ్లమ్మతో అంటుంటే విన్నాను.

"నేను ఇంగ కాలేజీకి పోనుమా. ఈడనే యాడైనా పనిలో చేరతా."

"పోతావు," అంది నా భార్య రామసుబ్బమ్మ. "సోమవారం బస్సుకు పోతావు. షెడ్డు నేను తీస్తా."

"నీకేం తెలుసుమా ఆ పని?"

"నాకు తెలీదు. మీ నాయనకు తెలుసు కదా."

మంచంలో ఉన్న నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏండ్లుగా మధ్యాహ్నం క్యారియరు తెచ్చి షెడ్డు గడప మీద పెట్టి పోయే మనిషి. లోపలికి వస్తే చీరకు గ్రీజు అంటుతుందని అడుగు కూడా పెట్టేది కాదు.

సోమవారం సుప్రజను బస్సెక్కించి, నన్ను మస్తాన్ ఆటోలో కూచోబెట్టుకొని, తాళంచెవి కొంగున కట్టుకొని బయల్దేరింది.

మొదటి బండి మస్తాన్ పంపిందే. పాలక్యాన్లు తోలే పికప్. రివర్స్ గేరు వేస్తే బజరు మోగడం లేదు. రామసుబ్బమ్మ నన్ను బండి వెనక స్టూలు మీద కూచోబెట్టి, కొంగు నడుముకు దోపి, నేల మీద గోనెపట్ట పరుచుకొని కిందికి దూరింది.

"చెప్పు సుప్రజ నాయనా. ఏ వైరు?"

"ఎర్రది," అన్నాను.

నా ఎడమచేతి వేలు మాత్రం నీలం వైరును చూపిస్తోంది.

ఆమె నా నోటిని చూసింది, వేలును చూసింది. "ఎర్రదా, ఇదా?"

"ఎర్రది!" అని అరిచాను, నీలం వైరును తడుతూ. బండి డ్రైవరు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఆమె నవ్వలేదు, బాధపడలేదు. నీలం వైరుకు టెస్టరు ముట్టించింది. లైటు వెలిగింది. అంటే కరెంటు వస్తోంది. అప్పుడు నా వేలు ఛాసిస్ మీద తుప్పు పట్టిన బోల్టు వైపు కదిలింది. కరెంటు తిరిగి పోయే ఎర్తు వైరు అక్కడ కట్టి ఉంది. ఆమె బోల్టు విప్పి, తుప్పంతా గరుకు కాగితంతో తోమి, మళ్లీ బిగించింది. బజరు ఒక్కసారిగా అరిచేసరికి ఉలిక్కిపడి లేచి తల బండి తొట్టి అడుగుకు కొట్టుకుంది. "అబ్బా, ఎంత మొత్తుకుంటాదో చూడు!" అని తల రుద్దుకుంటూ నవ్వింది. నేను పడిపోయినాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆ పొద్దు నుంచి నా నోటిని వినడం మానేసి నా వేలును చూడడం మొదలుపెట్టింది.

వైరు మీద తొడుగు ఒలవడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు నెల పడుతుంది. బ్లేడు లోపలి రాగిపోచలకు తగిలితే పోచలు తెగిపోతాయి, వైరు నీరసపడుతుంది. రామసుబ్బమ్మ రెండో దినమే ఒక్క పోచ తెగకుండా ఒలిచింది. ఎట్లా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాను.

"విత్తనం కాయలు ఒలిచిన చేతులప్పా ఇవి," అంది. "పప్పు మీది ఎర్రపొర గీరుకుపోతే మొలక రాదని మా నాయన ఎన్ని మొట్టికాయలు వేసినాడో. దానికంటే ఇదేం కష్టం?"

వాళ్లది లక్కిరెడ్డిపల్లి పక్క మెట్టభూమి. చిన్నప్పటినుంచి వేరుశనగ ఒలిచింది. ఇరవై రెండేండ్లు నేను నా చేతుల గొప్ప చెప్పుకుంటూ ఉన్నాను కానీ ఆమె చేతులను ఎప్పుడూ చూడలేదు.

నా అలవాట్లన్నీ ఒక్కొక్కటే పట్టేసింది. అతుకుకు సీసం కరిగించి టాకా వేయడం. దాని మీద గొట్టం తొడిగి వేడి చూపించడం. టేపు చుట్టినాక చివర గోరంత మడత పెట్టడం. మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే గోటికి అందాలని ఆ మడత. రాయచోటిలో ఇంకెవరూ అట్లా పెట్టరు. అన్నిటికంటే ముందు, ఫ్యూజు. బ్యాటరీ నుంచి ఏ వైరు తీసినా మొదట ఫ్యూజు, తర్వాతే వైరు. ఎక్కడైనా వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగిలితే ఫ్యూజు తాను కాలి బండిని కాపాడుతుంది. ఆ సంగతి ఒకే ఒక్కసారి చేతిసైగలతో చెప్పాను. అర్థమైందని చెప్పడానికి, కొత్త వైరు ఒకటి కావాలని ఇనుముకు తాకించి, ఫ్యూజు టప్పుమని పోవడం చూపించి, "ఇదేనా?" అంది.

అందరూ ఊరికే ఒప్పుకోలేదు. కొందరు బండి ఆపి, లోపల చీర కనపడగానే మళ్లీ స్టార్టు చేసుకొని పోయేవాళ్లు. ఒకాయన దిగి, "మగోళ్లెవురూ ల్యారామ్మా?" అన్నాడు.

"ఉండాడు. ఆ కూచున్నాయప్పే. ఆయప్ప చూస్తాండాడు, నేను చేస్తాండా. నీకు బండి బాగైతే సాలు కదా?"

ఆయన కాసేపు నిలబడి, కూచున్నాడు.

మే నెల వచ్చేసరికి ఆమె నా వేలు వైపు చూడడం కూడా తగ్గింది. సుప్రజ పాత రికార్డు పుస్తకంలో ప్రతి బండికీ ఒక బొమ్మ గీసుకునేది. ఏ రంగు వైరు యాడ మొదలై యాడ పోతుందో రంగు పెన్సిళ్లతో గీతలు. ఇంగ్లీషు రాని మనిషి కెమెరా డబ్బాలోని కాగితం ఫోన్లో సుప్రజకు పంపి, చదివించుకొని, బొమ్మ వేసుకొని, అప్పుడు పని మొదలుపెట్టేది. నేను ఎన్నడూ ఆ కాగితాలు తెరిచి చూడలేదు.

విశ్వాసమ్మ బండి మే మూడో వారంలో వచ్చింది, ట్రాక్టరు వెనక తాడు కట్టించుకొని.

విశ్వాసమ్మ మామిడితోటలు గుత్తకు పట్టే మనిషి. నేను పడిపోయిన పొద్దు నా షెడ్డులో ఉన్న బండి ఆమెదే. పని సగంలో ఉండింది. నేను ఆసుపత్రిలో ఉండగా మిగిలిన సగం ఇంకో షాపులో చేయించుకున్నారు. ఇప్పుడు డాష్‌బోర్డు ఒక పక్క నల్లగా కరిగి వేలాడుతోంది. డ్రైవరు గిడ్డయ్య కుడి అరచేతికి కట్టు ఉంది.

గువ్వలచెరువు ఘాట్లో జరిగిందంట. బేనీషా మామిడికాయల లోడుతో దిగుతుంటే కాళ్ల దగ్గర పొగ లేచింది. హారను పోయింది, లైట్లు పోయినాయి. మలుపులో ఎదురుగా లారీ. గిడ్డయ్య బండిని కొండ పక్కకు ఒత్తి ఆపి, బానెట్టు ఎత్తి, కాలుతున్న వైరును ఒట్టి చేత్తో బ్యాటరీ నుంచి పెరికేశాడు. రెండో పక్కకు తిప్పి ఉంటే లోయ.

"ఓబులేసు కట్టిన వైరింగంటే కండ్లు మూసుకొని నమ్మినా," అంది విశ్వాసమ్మ. గిడ్డయ్య చెయ్యి పట్టి ముందుకు లాగింది. "వీని చెయ్యి సూడండి. వీనికి ముగ్గురు పిల్లోళ్లు. ఏమన్నా అయ్యుంటే నేనేం జవాబు సెప్పేది?"

మస్తాన్ వచ్చాడు. టీ కొట్టు దగ్గరున్న డ్రైవర్లు నలుగురు వచ్చారు.

"మా అన్న పని అట్లుండదక్కా," అన్నాడు మస్తాన్. "సగంలో పడిపోయినాడు పాపం. మిగిలింది వేరేవోళ్లు కట్టిరి కదా. వాళ్లదే అయ్యుంటాది."

"అంతే, అంతే," అన్నారు డ్రైవర్లు. నేను గట్టిగా తల ఊపాను. నాకు రవ్వంత కూడా అనుమానం లేదు.

"విప్పి చూస్తే తెలుస్తాది," అంది రామసుబ్బమ్మ. "చూడకుండా ఏమిటికి అనుకునేది?"

డాష్‌బోర్డు విప్పింది. లోపల రెండు రకాల పని పక్కపక్కనే కనపడింది. ఇంకో షాపువాడు వైర్లను ఒట్టిగా మెలిపెట్టి టేపు చుట్టేశాడు. ఆ మెలికలు చూసి మస్తాన్ పెదవి చప్పరించాడు. రామసుబ్బమ్మ కాలిన వైరును చేత్తో పట్టుకొని, ఎట్లా పోతే అట్లా వెంట పోయింది. సైరన్ దగ్గర మొదలై, ఇనుపరేకు అంచున ఒరుసుకుపోయిన చోటు దాటి, రంధ్రంలోంచి ఇంజను వైపు. నేను కూడా లేచి పోయి బానెట్టు పట్టుకొని నిలబడ్డాను. వైరు బ్యాటరీ దగ్గర ఆగింది. గిడ్డయ్య పెరికిన ఆ కొసన ఒక అతుకు ఉంది. టాకా వేసిన అతుకు. మీద టేపు సగం కాలింది కానీ చివర మిగిలింది.

చివర గోరంత మడత ఉంది. ఫ్యూజు లేదు.

ఆ పొద్దు సైరన్‌కు వైరు లాగింది నేను. ఫ్యూజు పెట్టకుండా నేరుగా బ్యాటరీకి అతికింది నేను. ఇరవై రెండేండ్లలో ఎన్నడూ చేయని పని. ఎప్పుడు చేశానో, ఎందుకు చేశానో గుర్తులేదు.

అందరూ వంగి చూస్తున్నారు. ఆ మడత సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. నా ఎడమచెయ్యి లేచింది. వేలు పోయి పక్కనున్న మంచు లైట్ల వైరు మీద, ఇంకో షాపువాడి మెలిక మీద ఆగింది.

"వాడు," అన్నాను. ఆ మాట మాత్రం తప్పు లేకుండా వచ్చింది.

రామసుబ్బమ్మ నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నా వేలు పట్టుకొని మెల్లగా పక్కకు తీసి, నా చేతిని బానెట్టు మీద పెట్టింది.

"ఇది మాదే అక్కా," అంది విశ్వాసమ్మతో. "కాలిన వైరు మేము కట్టిందే. ఫ్యూజు పెట్టల్యా. వాళ్ల పని అందంగా లేదు గానీ, ఇది మాత్రం వాళ్లది కాదు."

మస్తాన్ ఇంకో పక్కకు చూశాడు.

"ఆ పొద్దే కదమ్మా మీ ఆయనకు అట్లయింది," అంది విశ్వాసమ్మ. "బాగలేక..."

"బాగలేదని వైరుకు తెలుస్తాదా అక్కా? గిడ్డయ్య చెయ్యి కాలింది. మా తప్పే." ఆమె గిడ్డయ్య వైపు తిరిగి, "నన్ను మన్నించు నాయనా," అంది. గిడ్డయ్య కట్టు కట్టిన చేతిని వెనక్కి దాచుకున్నాడు. "మొత్తం విప్పుతానక్కా. కొత్తగా కడతా. రెండు దినాలు ఇయ్యి."

విశ్వాసమ్మ బండి వైపు, ఆమె వైపు చూసింది. "గిడ్డయ్యా, నువ్వు ఈడనే ఉండు. ఏం కడతాదో, యాడ కడతాదో అంతా దగ్గరుండి చూసుకో," అని చెప్పి పోయింది.

ఇంటికి పోయినాక నేను అన్నం ముట్టలేదు. ఇరవై రెండేండ్ల పేరు నలుగురిలో పోయింది. మాట కూడగట్టుకొని, "పరువు తీసినావు" అని గట్టిగా అనాలనుకున్నాను.

"ఫ్యూజు తీసినావు!" అని వచ్చింది.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, పగలబడి నవ్వింది. "నేను యాడ తీసినా? నేను పెడతాండా కదా!" నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది. తర్వాత అవి నవ్వు నీళ్లు కావని తెలిసింది. నా పక్కన కూచుంది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ చెయ్యి అప్పుడే పడిపోయిందా, ముందరి నుంచే ఏమన్నా ఉండెనా?"

జనవరి నుంచే చేతిలో తిమ్మిరి ఉండేది. ప్లేరు జారిపోయేది. ఎవరికీ చెప్పలేదు. ఒక వేలు ఎత్తాను. కాస్త ఆగి, రెండోది కూడా.

"రెండు నెలలా?" ఆమె నిట్టూర్చి, రికార్డు పుస్తకం, పెన్సిలు తెచ్చింది. "ఆ రెండు నెలల్లో ఎవురెవురి బండ్లు కట్టినావు? ఒక్కొక్కటే అనుకో. తొందర ల్యా."

పేర్లు నోటికి రాలేదు. ఫోనులో నంబర్లు చూపించాను. పదకొండు బండ్లు. మర్నాడు పొద్దున గిడ్డయ్యను, నన్ను పక్కపక్కన కూచోబెట్టి, విశ్వాసమ్మ బండి కింద పడుకొని పని చేస్తూనే మధ్యమధ్యలో ఆ పదకొండు మందికీ ఫోన్లు చేసింది. "అన్నా, ఓబులేసు షెడ్డు నుంచి మాట్లాడతాండా. మా పనిలో తప్పుందేమో చూసుకోవాల. బండి ఒకసారి తీసుకురా." గిడ్డయ్య నా చెవిలో, "యాడన్నా షాపోళ్లు ఇట్లా ఫోను చేస్తారా మామా?" అన్నాడు. కుడిచేతులు పనికిరాని ఇద్దరు మగవాళ్లం, గోడకు ఆనుకొని, ఆమె చేతులను చూస్తూ కూచున్నాం. సగం పూట అయ్యేసరికి గిడ్డయ్య ఆమె అడక్కముందే టార్చిలైటు ఎడమచేత్తో పట్టుకొని వెలుగు చూపిస్తున్నాడు.

రెండో దినం సాయంత్రానికి వైరింగు అయిపోయింది. నేను లోపలికి వంగి చూశాను. వైర్లన్నీ ఒక కట్టగా, జానెడుకొక చోట బిగించి, ఇనుపరేకు దాటేచోటల్లా రబ్బరు తొడిగి ఉన్నాయి. రబ్బరు నేను పెట్టేవాణ్ణి కాదు. పెట్టాలని తెలుసు, తొందరలో వదిలేసేవాణ్ణి. తప్పు వెతకాలని శానాసేపు చూశాను. దొరకలేదు. అప్పుడు నాలోని కోపం దిగిపోయింది. ఎడమచేత్తో ఆమె తల మీద పడిన దుమ్ము దులిపాను.

పదకొండు బండ్లూ పది దినాల్లో వచ్చాయి. తొమ్మిది బాగున్నాయి. ఒకదానిలో ఫ్యూజు పోతే ఓనరే సిగరెట్టు పెట్టెలోని రేకు చుట్టి పెట్టుకున్నాడు, దాన్ని పీకేసి బాగా తిట్టింది. ఒకదానిలో, జీపీఎస్ వైరుకు, ఫ్యూజు లేదు. అది నాదే. ఆ బండాయన పిల్లల్ని బడికి తీసుకుపోయేది దాంట్లోనే. రామసుబ్బమ్మ ఫ్యూజు పెట్టి, ఆయన వెళ్లినాక గడపలో చాలాసేపు కూచుంది.

ఇంక మా షెడ్డుకు ఎవరూ రారని నేను అనుకున్నాను. గిడ్డయ్య మామిడి మండీల్లో ఏం చెప్పాడో తెలియదు, జూన్ మొదటి వారానికి బండ్లు రోడ్డు మీద వరసలో నిలబడ్డాయి. కొందరికి కొత్త సామానేమీ వద్దు. "మా దాంట్లో ఫ్యూజు ఉండాదో ల్యాదో చూడమ్మా" అని వచ్చారు. విశ్వాసమ్మ తన బంధువుల బండ్లు రెండు పంపింది. ఆమె మాత్రం రాలేదు. వచ్చి పొగిడే రకం కాదు.

మామిడి సీజను అయిపోయింది. జూన్ ఆఖర్లో రెండు వానలు పడ్డాయి. సామాను తక్కువైందని రామసుబ్బమ్మ కడపకు తానే బయల్దేరింది. రిలేలు, కెమెరా స్క్రీన్లు ఏరుకోవడానికి. అట్లే హాస్టల్లో సుప్రజను చూసి వస్తానంది. పొద్దున ఎనిమిది బస్సుకు పోయింది. నేను ఒక్కణ్ణే షెడ్డు తీసి కూచున్నాను. అప్పటికి చిన్న చిన్న మాటలు సరిగ్గానే వస్తున్నాయి.

మధ్యాహ్నం ఒక కొత్త పికప్ వచ్చి ఆగింది. నంబరు ప్లేటు కూడా పడలేదు. కుర్రడ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఎలక్ట్రీషియన్ యాడ పెద్దాయనా?" అన్నాడు.

"కడపకు పోయింది. సాయంత్రం బస్సుకు వస్తాది."

"ఆయమ్మేనంటనే! మా ఊర్లో ఆయమ్మ దగ్గరికే పొమ్మన్నారు. పని బాగా చేస్తాదా?"

"చేస్తాది," అన్నాను. "తప్పు చేస్తే అదీ చెప్తాది."

అతను ఒకసారి నా వైపు చూసి, ఇంజను ఆపి కిందికి దిగాడు.